దూరాన ఉన్న సర్వర్‌ను నిర్వహించే టూల్స్: ఇన్‌స్టాలేషన్, వాడకం – తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వర్ మన కళ్ళ ముందు ఉండదు. ఎక్కడో డేటా సెంటర్‌లోనో, క్లౌడ్‌లోనో, ఆఫీసులో తాళం వేసిన గదిలోనో ఉంటుంది. దాన్ని చేత్తో తాకకుండానే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, పాడైతే బాగుచేయాలి, లోపలికి ఎవరు రావచ్చో తేల్చాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలను ఒకచోట చేర్చాను. కమాండ్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. లినక్స్ కమాండ్లు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడండి. పెద్దక్షరం కావాల్సిన చోట ఆ మాట విడిగా చెప్పాను.

మొదట నా కంప్యూటర్‌లో ఏం ఇన్‌స్టాల్ చేసుకోవాలి?

సర్వర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. లినక్స్ సర్వర్ అయితే ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మెషిన్‌లోకి ఇతరులు చదవలేని విధంగా లాగిన్ అయ్యే పద్ధతి) క్లయింట్ ఒక్కటి చాలు. అది మీ దగ్గర ఇప్పటికే ఉండొచ్చు. మ్యాక్‌లో, దాదాపు అన్ని లినక్స్ డెస్క్‌టాప్‌లలో ముందే ఉంటుంది. విండోస్ 10లో 2018 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ సిస్టమ్‌తో పాటే వస్తోంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎస్‌హెచ్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. దాన్ని ఎలా వాడాలో చూపిస్తూ కొన్ని లైన్లు వస్తే ఉన్నట్టే. లేకపోతే సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ కింద దొరుకుతుంది.

విండోస్‌లో చాలామందికి పుట్టీ అనే ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ అలవాటు. సైమన్ టాథమ్ మొదలుపెట్టిన ఈ టూల్ 1990ల చివరి నుంచి ఉంది, ఇప్పటికీ మంచిదే. కానీ సెర్చ్‌లో కనిపించిన మొదటి లింకు మీద నొక్కి దించుకోకండి. మాల్వేర్ కలిపిన నకిలీ పుట్టీ ఇన్‌స్టాలర్లు గతంలో ఒకటికి నాలుగుసార్లు బయటపడ్డాయి. మీ సర్వర్ పాస్‌వర్డ్ టైప్ చేసేది ఈ టూల్‌లోనే కాబట్టి అసలు సైటు నుంచి తప్ప వేరే చోటు నుంచి తీసుకోవద్దు.

విండోస్ సర్వర్ అయితే టూల్స్ నాలుగు రకాలు: ఆర్‌శాట్, పవర్‌షెల్ రిమోటింగ్, విండోస్ అడ్మిన్ సెంటర్, రిమోట్ డెస్క్‌టాప్. వీటి సంగతి కింద విడివిడిగా చెప్పాను.

ఎస్‌ఎస్‌హెచ్ ఎందుకు? పాత పద్ధతి టెల్నెట్ కూడా లాగిన్ ఇస్తుంది కదా?

ఇస్తుంది. మీ పాస్‌వర్డ్‌ను దారి పొడవునా అందరికీ కనిపించేలా పంపి మరీ ఇస్తుంది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో రహస్యంగా ఒక ప్రోగ్రామ్ పెట్టి, ఆ దారిన పోతున్న పాస్‌వర్డ్‌లను పోగుచేశారు. అక్కడి పరిశోధకుడు టాటూ యిలోనెన్ దానికి విరుగుడుగా రాసినదే ఎస్‌ఎస్‌హెచ్. అప్పటికే ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీకి 21, టెల్నెట్‌కు 23 పోర్టులు (ఒక్కో సర్వీసుకు కేటాయించిన నంబరు తలుపులు) ఉన్నాయి. మధ్యలో ఖాళీగా ఉన్న 22ను ఆయన అడిగి తీసుకున్నారు. ఈ రోజు మనం వాడేది ఎక్కువగా ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బృందం 1999లో విడుదల చేసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్.

సర్వర్ వైపు ఎస్‌ఎస్‌హెచ్ ఎలా ఎక్కించాలి?

క్లౌడ్‌లో తీసుకున్న లినక్స్ సర్వర్‌లో అది ముందే నడుస్తూ ఉంటుంది. మీరే ఇన్‌స్టాల్ చేసిన ఉబుంటు, డెబియన్, ఫెడోరా, రాకీ లినక్స్ లాంటి వాటిలో లేకపోతే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ అనే ప్యాకేజీ పెట్టుకోవాలి. ఉబుంటు, డెబియన్‌లో ఏపీటీ అనే ప్యాకేజీ కమాండ్‌తో, మిగతా వాటిలో డీఎన్‌ఎఫ్‌తో. కొత్తవాళ్ళు తికమకపడేది సర్వీసు పేరు దగ్గర. ఉబుంటు, డెబియన్‌లో సర్వీసు పేరు ఎస్‌ఎస్‌హెచ్. ఫెడోరా, రాకీ ఉన్న రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఎస్‌ఎస్‌హెచ్‌డీ. ఇంటర్నెట్‌లో దొరికిన సూచనలు ఒకదానికి రాసినవి ఇంకోదానిలో కొడితే ఆ పేరుతో సర్వీసే లేదని చెబుతుంది.

విండోస్ సర్వర్‌లో కూడా ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాడుకోవచ్చు. 2019 వెర్షన్ నుంచి ఆప్షనల్ ఫీచర్‌గా ఉంది. 2025 వెర్షన్‌లో ముందే ఇన్‌స్టాల్ అయి వస్తుంది. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి, దీని దగ్గర పూటలకు పూటలు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో ఉన్న యూజర్ల కీలను (పాస్‌వర్డ్ బదులు వాడేవి, కింద చెప్పాను) ఇది వాళ్ళ హోమ్ ఫోల్డర్‌లో వెతకదు. ప్రోగ్రామ్‌డేటా కింది ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో అడ్మినిస్ట్రేటర్స్_ఆథరైజ్డ్_కీస్ అనే ఫైలులో మాత్రమే చూస్తుంది. కీ సరిగానే పెట్టాను, అయినా పాస్‌వర్డ్ అడుగుతోంది అనే ఫిర్యాదు విండోస్ వైపు నుంచి వస్తే నేను ముందు అడిగేది ఇదే.

బలమైన పాస్‌వర్డ్ పెట్టుకున్నాను, కీ అవసరమా?

అవసరమే. పోర్టు 22 ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ఏ సర్వర్ లాగ్‌లోనైనా చూడండి. ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో రూట్ (లినక్స్‌లో అన్ని అధికారాలున్న అకౌంట్) అనీ, అడ్మిన్ అనీ పేర్లు కొడుతూ పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ ఉంటారు. అవన్నీ యంత్రాలు చేసే ప్రయత్నాలు, వాటికి అలుపు ఉండదు. కీతో లాగిన్ అయితే ఊహించడానికి ఏమీ మిగలదు.

కీ చేయడానికి మీ కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ అనే కమాండ్ వాడాలి. రకం అడిగే హైఫన్ టీ ఆప్షన్‌కు ఈడీ25519 ఇవ్వండి. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 6.5తో వచ్చిన ఈ రకం చిన్నది, వేగమైనది. చాలా పాత పరికరాలతో మాట్లాడాల్సి వస్తే తప్ప వేరేది అక్కర్లేదు. పాస్‌ఫ్రేజ్ అడిగినప్పుడు ఖాళీగా ఎంటర్ కొట్టేయకండి. ల్యాప్‌టాప్ పోతే మీ సర్వర్లకు అడ్డుగా మిగిలేది ఆ పాస్‌ఫ్రేజ్ ఒక్కటే. ప్రతిసారీ టైప్ చేయడం విసుగనిపిస్తే ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్ ఉంది, రోజుకు ఒకసారి ఇస్తే గుర్తుంచుకుంటుంది.

కమాండ్ రెండు ఫైళ్ళు ఇస్తుంది. చివర పబ్ అని ఉన్నది పబ్లిక్ కీ, దాన్ని సర్వర్‌కు పంపాలి. రెండోది ప్రైవేట్ కీ. అది మీ కంప్యూటర్ దాటి బయటికి పోకూడదు. మెయిల్‌లో, చాట్‌లో, ఇంకొక సర్వర్‌లోకి కూడా పోకూడదు. లినక్స్, మ్యాక్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ అనే కమాండ్ పబ్లిక్ కీని తీసుకెళ్ళి సరైన చోట పెడుతుంది. విండోస్‌లో ఆ కమాండ్ లేదు కాబట్టి పబ్లిక్ కీలోని ఒక్క లైన్‌ను కాపీ చేసి, సర్వర్‌లో మీ హోమ్ ఫోల్డర్ కింది డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోని ఆథరైజ్డ్_కీస్ ఫైలులో అతికించాలి. ఆ ఫోల్డర్‌కు పర్మిషన్ 700, ఫైలుకు 600 ఉండేలా చూడండి. వేరేవాళ్ళు రాయగలిగేలా ఉంటే సర్వర్ ఆ కీని నమ్మదు. పైగా ఎందుకు నమ్మలేదో మీకు చెప్పదు, సర్వర్ లాగ్‌లో మాత్రమే రాసుకుంటుంది.

పాస్‌వర్డ్ లాగిన్ ఆపేశాను, అయినా ఇంకా పనిచేస్తోంది. ఎందుకు?

ఈటీసీలోని ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ ఫైలు తెరిచి పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ ఎదురుగా నో అని పెట్టి ఉంటారు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఇప్పటి ఉబుంటు, డెబియన్‌లో ఆ ఫైలు పైభాగంలోనే ఒక ఇన్‌క్లూడ్ లైన్ ఉంటుంది. అది ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ డాట్ డీ అనే ఫోల్డర్‌లోని చిన్న ఫైళ్ళను ముందు చదివిస్తుంది. ఈ సర్వీసు ఒక సెట్టింగ్‌కు మొదట కనిపించిన విలువనే తీసుకుంటుంది, తర్వాత ఏం రాసినా పట్టించుకోదు. క్లౌడ్ ఉబుంటులో అక్కడ 50-క్లౌడ్-ఇనిట్ అనే ఫైలులో పాస్‌వర్డ్ లాగిన్‌కు యెస్ అని ఉంటే మీరు కింద రాసిన నో వృథా.

అందుకే రాసినదాన్ని నమ్మకుండా అడిగి తెలుసుకోండి. అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపే సుడోతో ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ పెద్ద టీ అని కొడితే చివరికి ఏ విలువలు అమల్లో ఉన్నాయో మొత్తం చూపిస్తుంది. చిన్న టీతో కొడితే ఫైలులో రాతతప్పులు ఉన్నాయేమో చెబుతుంది. సర్వీసు రీస్టార్ట్ చేసే ముందు చిన్న టీ, చేశాక పెద్ద టీ అలవాటు చేసుకుంటే ఈ గందరగోళం ఉండదు.

నన్ను నేనే బయట పెట్టి తాళం వేసుకుంటానేమోనని భయం. ఏం చేయాలి?

ఈ పేజీలో మిగతావి చదవకపోయినా ఈ జవాబు చదవండి. నేను నేర్చుకున్నది నష్టపోయి నేర్చుకున్నాను.

ఒక రాత్రి ఒక సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు మార్చాను. సర్వీసు రీస్టార్ట్ చేశాను. నేనున్న విండోలో అన్నీ మామూలుగానే నడుస్తున్నాయి. పని అయిపోయిందనుకుని విండో మూసేశాను. ఐదు నిమిషాల తర్వాత ఇంకేదో గుర్తొచ్చి మళ్ళీ లాగిన్ అవబోతే సమాధానం లేదు. ఫైర్‌వాల్‌లో కొత్త పోర్టు తెరవలేదు. రీస్టార్ట్ చేసినా పాత సెషన్ తెగదు, అందుకే అంతా బాగుందని భ్రమపడ్డాను. కన్సోల్ యాక్సెస్ (ఎస్‌ఎస్‌హెచ్ లేకుండా సర్వర్ స్క్రీన్‌కు నేరుగా చేరే దారి) వివరాలు నా దగ్గర లేవు. అవి ఉన్న మనిషి నిద్ర లేచేవరకూ ఆ సైటు పనిచేస్తూనే ఉంది కానీ దానిలో ఏం జరిగినా నేనేమీ చేయలేని స్థితి. ఆ రాత్రి పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్, ఫైర్‌వాల్, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఏది ముట్టుకున్నా ఉన్న విండోను అలాగే ఉంచి, ఇంకొక విండోలో కొత్తగా లాగిన్ అయి చూస్తాను. కొత్తది పనిచేశాకే పాతది మూస్తాను. ఇది పది సెకన్ల పని.

ఇంకా గట్టి రక్షణ కావాలంటే, మార్పు చేసే ముందే దాన్ని వెనక్కి తిప్పే కమాండ్‌ను పది నిమిషాల తర్వాత దానంతటదే నడిచేలా పెట్టండి. లినక్స్‌లో ఎట్ కమాండ్‌తోగానీ సిస్టమ్‌డీ-రన్‌తోగానీ పెట్టొచ్చు. ఉదాహరణకు ఉబుంటు ఫైర్‌వాల్ టూల్ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ మారుస్తుంటే పది నిమిషాల్లో యూఎఫ్‌డబ్ల్యూ డిజేబుల్ నడిచేలా పెట్టి పని మొదలుపెట్టండి. అంతా బాగుంటే ఆ టైమర్‌ను రద్దు చేస్తారు. లోపలికి రాలేకపోతే పది నిమిషాలు ఆగుతారు, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. ఉబుంటులో ఐపీ అడ్రస్ మార్చేటప్పుడు నెట్‌ప్లాన్ అప్లై బదులు నెట్‌ప్లాన్ ట్రై వాడండి. 120 సెకన్లలోపు మీరు ఎంటర్ నొక్కి సరేననకపోతే పాత సెట్టింగ్స్‌కు తిరిగి వెళ్ళిపోతుంది. నెట్‌వర్క్ తెగిపోయి ఉంటే మీరు ఎంటర్ నొక్కలేరు కదా, సరిగ్గా ఆ సందర్భం కోసమే అది ఉంది.

ఇంతకంటే ముఖ్యమైనది రెండో దారి. క్లౌడ్ అయితే ప్రొవైడర్ ఇచ్చే సీరియల్ కన్సోల్. సొంత హార్డ్‌వేర్ అయితే డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీలో ఐఎల్‌ఓ లాంటి చిన్న నియంత్రణ చిప్. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా కరెంటు ఉంటే చాలు ఈ చిప్ పలుకుతుంది. దాని ద్వారా పవర్ ఆన్ చేయవచ్చు, స్క్రీన్ చూడవచ్చు. అది అంత శక్తిమంతమైనది కాబట్టే ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవకూడదు. విడి నెట్‌వర్క్‌లో ఉంచండి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చండి. ఆ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉందా, దానితో లాగిన్ అవుతోందా అన్నది ఆపద రాని రోజునే ఒకసారి చూసుకోండి. చేతులు కాలాక వెతుక్కుంటే లాభం లేదు.

పోర్టు 22ను వేరే నంబరుకు మార్చితే భద్రత పెరుగుతుందా?

లాగ్‌లో రొద తగ్గుతుంది. భద్రత అంతగా పెరగదు. అన్ని పోర్టులనూ తట్టి చూసే స్కానర్లకు మీ కొత్త నంబరు దొరకడానికి ఎంతోసేపు పట్టదు. అయినా మార్చాలనుకుంటే రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఫైర్‌వాల్‌తో పాటు ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా పొరకు కూడా కొత్త పోర్టు సంగతి చెప్పాలి. ఉబుంటు 24.04లో ఎస్‌ఎస్‌హెచ్ పోర్టును సాకెట్ యూనిట్ తెరుస్తుంది. కాన్ఫిగ్ మార్చాక సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ ఇచ్చి, ఎస్‌ఎస్‌హెచ్ డాట్ సాకెట్‌ను రీస్టార్ట్ చేస్తేనే మార్పు అమలవుతుంది. నా మటుకు నేను ఆ శ్రమను కీలకూ వీపీఎన్‌కూ (బయటివాళ్ళు చూడలేని సొంత నెట్‌వర్క్ దారి) ఖర్చుపెడతాను. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ 2020 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే ఉంది, పెట్టుకోవడం తేలిక. ఎస్‌ఎస్‌హెచ్‌ను వైర్‌గార్డ్ లోపల నుంచి మాత్రమే అందేలా చేస్తే బయటివాళ్ళకు తలుపే కనిపించదు.

“హోస్ట్ గుర్తింపు మారింది” అని పెద్దక్షరాలతో హెచ్చరిక వచ్చింది. ఆ ఫైలు డిలీట్ చేసేయొచ్చా?

వద్దు, ముందు ఆగండి. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు సర్వర్ వేలిముద్రను మీ కంప్యూటర్ నోన్_హోస్ట్స్ ఫైలులో దాచుకుంది. ఇప్పుడు అదే అడ్రస్‌లో వేరే వేలిముద్ర కనిపించింది. సర్వర్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి ఉన్నా, అదే ఐపీ అడ్రస్ కొత్త సర్వర్‌కు ఇచ్చి ఉన్నా ఇలా వస్తుంది. మధ్యలో ఎవరైనా దూరి ఆ సర్వర్‌లా నటిస్తున్నా ఇలాగే వస్తుంది. ఏది నిజమో కంప్యూటర్‌కు తెలియదు, మీరే తేల్చుకోవాలి. ఆ సర్వర్‌ను చూసే మనిషికి ఫోన్ చేసి అడగండి, లేదా కన్సోల్‌లోకి వెళ్ళి వేలిముద్ర సరిపోల్చండి. మార్పు నిజమేనని తేలితే ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ హైఫన్ పెద్ద ఆర్ పక్కన సర్వర్ పేరు కొడితే ఆ ఒక్క ఎంట్రీ మాత్రమే పోతుంది. మొత్తం ఫైలు తీసేస్తే మిగతా సర్వర్లన్నిటి గుర్తింపు కూడా పోతుంది, మళ్ళీ అన్నిటినీ గుడ్డిగా నమ్మాల్సి వస్తుంది.

విండోస్ 10, 11లో ఆర్‌శాట్ ఎలా ఇన్‌స్టాల్ చేయాలి?

ఆర్‌శాట్ అంటే విండోస్ సర్వర్‌లోని నిర్వహణ టూల్స్‌ను మీ డెస్క్‌టాప్‌కు తెచ్చే కట్ట. యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్, గ్రూప్ పాలసీ మేనేజ్‌మెంట్, డీఎన్‌ఎస్, డీహెచ్‌సీపీ, సర్వర్ మేనేజర్ ఇవన్నీ అందులోవే. ఒక యూజర్ పాస్‌వర్డ్ మార్చడానికి ఆఫీసు అకౌంట్లన్నీ ఉండే డొమైన్ కంట్రోలర్ సర్వర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో లాగిన్ అవుతున్నవాళ్ళను ఇప్పటికీ చూస్తున్నాను. దయచేసి ఆ అలవాటు మానండి, ఆ పనికి ఇది ఉంది.

2018 అక్టోబర్ అప్‌డేట్‌కు ముందు దీన్ని మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విడిగా దించుకోవాల్సి వచ్చేది. ఆ తర్వాత నుంచి విండోస్‌లోనే ఆప్షనల్ ఫీచర్. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి, ఆర్‌శాట్ అని వెతికి, కావాల్సినవి టిక్ పెట్టుకోండి. అన్నీ ఒకేసారి కావాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా పవర్‌షెల్ తెరిచి, గెట్-విండోస్‌కేపబిలిటీతో ఆర్‌శాట్ పేరున్నవన్నీ తీసి, వాటిని పైప్ గుర్తుతో యాడ్-విండోస్‌కేపబిలిటీకి ఇవ్వండి. రెండిటికీ ఆన్‌లైన్ అనే ఆప్షన్ తప్పనిసరి. నా సలహా అయితే అవసరమైన రెండు మూడు మాత్రమే పెట్టుకోండి.

విండోస్ సర్వర్ నుంచే ఇంకొక సర్వర్‌ను చూడాలంటే దారి వేరు. సర్వర్ మేనేజర్‌లో యాడ్ రోల్స్ అండ్ ఫీచర్స్ కింద ఇవే టూల్స్ ఉంటాయి.

నాది హోమ్ ఎడిషన్. ఆర్‌శాట్ కనిపించడం లేదు.

కనిపించదు. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలోనే వస్తుంది.

ఆర్‌శాట్ ఇన్‌స్టాల్ చేస్తుంటే 0x800f0954 అని ఎర్రర్ వస్తోంది.

మీ ఆఫీసు కంప్యూటర్ అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ నుంచి కాక ఆఫీసులోని డబ్ల్యూఎస్‌యూఎస్ సర్వర్ నుంచి తీసుకుంటోంది, అక్కడ ఈ ఫీచర్ ఫైళ్ళు లేవు. గ్రూప్ పాలసీలో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్ కింద ఆప్షనల్ కాంపోనెంట్ ఇన్‌స్టాలేషన్‌కు సంబంధించిన పాలసీ ఒకటి ఉంది. దాన్ని ఎనేబుల్ చేసి, ఈ ఫైళ్ళను నేరుగా విండోస్ అప్‌డేట్ నుంచి తీసుకోమని టిక్ పెడితే పని జరుగుతుంది. రిజిస్ట్రీలో డబ్ల్యూఎస్‌యూఎస్‌ను మొత్తం ఆపేసే చిట్కా చాలాచోట్ల కనిపిస్తుంది. పని అయ్యాక దాన్ని తిరిగి పెట్టడం మరిచిపోతారు, అందుకే నేను పాలసీ దారినే చెబుతాను.

టూల్స్ వచ్చాయి, కానీ సర్వర్‌కు కనెక్ట్ అవడం లేదు.

అన్ని టూల్స్ ఒకే దారిలో పోవు, తేడా అక్కడే వస్తుంది. పవర్‌షెల్ రిమోటింగ్ (దూరపు సర్వర్‌లో పవర్‌షెల్ కమాండ్లు నడపడం), సర్వర్ మేనేజర్ లాంటివి విన్‌ఆర్‌ఎం అనే విండోస్ రిమోట్ నిర్వహణ సర్వీసు మీద నడుస్తాయి. దానికి పోర్టు 5985, ఎన్‌క్రిప్టెడ్ హెచ్‌టీటీపీఎస్ అయితే 5986. విండోస్ సర్వర్ 2012 నుంచి ఇది ముందే ఆన్‌లో ఉంటుంది. కంప్యూటర్ మేనేజ్‌మెంట్ లాంటి పాత కన్సోల్‌లు ఆర్‌పీసీ అనే పాత పద్ధతి మీద నడుస్తాయి. వాటికి పోర్టు 135తో పాటు 49152 నుంచి 65535 వరకు ఉన్న పోర్టుల్లో ఏదో ఒకటి కావాలి. అందుకే పవర్‌షెల్ బాగానే పనిచేస్తూ ఈవెంట్ వ్యూయర్ మాత్రం ఆర్‌పీసీ సర్వర్ అందుబాటులో లేదని చెప్పడం మామూలే. అది ఫైర్‌వాల్ సమస్య, టూల్ సమస్య కాదు.

సర్వర్‌ను ఐపీ అడ్రస్‌తో కాకుండా పేరుతో పిలవండి. ఐపీతో పిలిస్తే మామూలుగా కెర్‌బెరాస్ (డొమైన్‌లో లాగిన్‌ను సరిచూసే పద్ధతి) పనిచేయదు. గడియారం కూడా చూడండి. మీ కంప్యూటర్‌కూ డొమైన్ కంట్రోలర్‌కూ ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే కెర్‌బెరాస్ తిరస్కరిస్తుంది. స్క్రీన్ మీద కనిపించే ఎర్రర్‌లో సమయం ప్రస్తావనే లేక చాలామంది దీన్ని చివర్లో చూస్తారు. డొమైన్‌లో లేని సర్వర్ అయితే దాని పేరును మీ వైపు ట్రస్టెడ్‌హోస్ట్స్‌లో చేర్చాలి. ఆ చోట నక్షత్రం గుర్తు పెట్టి అందరినీ నమ్మేయకండి.

రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ను ఇంటర్నెట్‌కు తెరవవచ్చా?

తెరవకండి. 2019 మేలో బయటపడిన బ్లూకీప్ లోపంతో పాత విండోస్ వెర్షన్లలోకి పాస్‌వర్డ్ లేకుండానే దూరే వీలుండేది. అది ఎంత ప్రమాదమంటే అప్పటికే సపోర్టు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. కొత్త లోపాలు లేకపోయినా, దొంగిలించిన పాస్‌వర్డ్‌తో రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వచ్చి ఫైళ్ళన్నీ లాక్ చేసి డబ్బు అడిగేవాళ్ళకు ఇది బాగా అలవాటైన దారి. వీపీఎన్ వెనక పెట్టండి, లేదా రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే వాడండి. సెషన్ తెరవకముందే పాస్‌వర్డ్ సరిచూసే నెట్‌వర్క్ లెవల్ ఆథెంటికేషన్ ఆన్‌లోనే ఉంచండి.

పని అయ్యాక సైన్ అవుట్ చేయండి. విండో మూస్తే సెషన్ సర్వర్‌లో అలాగే ఉంటుంది. తర్వాత పాస్‌వర్డ్ మార్చుకుంటే, ఆ పాత సెషన్ పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తూ మీ అకౌంట్‌ను లాక్ చేయించే సందర్భాలూ ఉన్నాయి.

కమాండ్లు కష్టంగా ఉన్నాయి. బ్రౌజర్‌లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. లినక్స్‌కు కాక్‌పిట్ ఉంది, పోర్టు 9090. డిస్క్, సర్వీసులు, లాగ్‌లు, అప్‌డేట్లు చూపిస్తుంది, లోపలే టెర్మినల్ కూడా ఇస్తుంది. తన సొంత సెట్టింగ్స్ దాచుకోకుండా సిస్టమ్‌లో ఉన్నవాటినే మారుస్తుంది కాబట్టి ఒకరు కమాండ్‌తో, ఒకరు కాక్‌పిట్‌తో పనిచేసినా గొడవ రాదు. 1997 నుంచి ఉన్న వెబ్‌మిన్ ఇంకా ఎక్కువ పనులు చేస్తుంది, దాని పోర్టు 10000. విండోస్‌కు 2018లో వచ్చిన విండోస్ అడ్మిన్ సెంటర్ ఉచితం. దాన్ని డొమైన్ కంట్రోలర్ మీద మాత్రం ఇన్‌స్టాల్ చేయలేరు, విడి సర్వర్ మీదో మీ డెస్క్‌టాప్ మీదో పెట్టుకోవాలి.

ఈ పోర్టులను కూడా బయటికి తెరవద్దు. కాక్‌పిట్‌ను ఎస్‌ఎస్‌హెచ్ సొరంగంలోంచి చూడొచ్చు. ఎస్‌ఎస్‌హెచ్‌కు హైఫన్ పెద్ద ఎల్ ఆప్షన్ ఇచ్చి మీ కంప్యూటర్‌లోని 9090ను సర్వర్‌లోని 9090కు కలిపితే, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అడ్రస్‌తో తెరుచుకుంటుంది. ఫైర్‌వాల్‌లో కొత్తగా ఏదీ తెరవక్కర్లేదు.

పని మధ్యలో కనెక్షన్ తెగిపోతే నడుస్తున్న కమాండ్ ఏమవుతుంది?

మామూలుగా అయితే అదీ ఆగిపోతుంది. డేటాబేస్ అప్‌గ్రేడ్ సగంలో ఉన్నప్పుడు వైఫై పోతే ఎలా ఉంటుందో ఊహించండి. అందుకే లాగిన్ అవగానే టీమక్స్ అని కొట్టి, దాని లోపల పనిచేయడం మొదలుపెట్టండి. కనెక్షన్ పోయినా పని సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది. మళ్ళీ లాగిన్ అయి టీమక్స్ అటాచ్ అంటే వదిలిన చోటే కనిపిస్తుంది. కాసేపు ఏమీ కొట్టకపోతే కనెక్షన్ తెగిపోతోంది అనేది వేరే సమస్య. మీ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలులో సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్‌కు 60 ఇస్తే నిమిషానికోసారి పలకరిస్తూ కనెక్షన్‌ను నిలబెడుతుంది.

సర్వర్లు ఎక్కువైతే ప్రతిదాని అడ్రస్ గుర్తుంచుకోవాలా?

మీ కంప్యూటర్‌లోని డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ అనే ఫైలులో ఒక్కో సర్వర్‌కు చిన్న పేరు, అడ్రస్, యూజర్, కీ రాసిపెట్టుకోండి. తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ పక్కన ఆ చిన్న పేరు కొడితే చాలు. లోపలి నెట్‌వర్క్‌లోని సర్వర్లకు ఒక మధ్య సర్వర్ మీదుగా వెళ్ళాల్సి వస్తే ప్రాక్సీజంప్ అనే లైన్ చేర్చండి. ప్రైవేట్ కీని ఆ మధ్య సర్వర్‌లోకి కాపీ చేయాల్సిన పని లేదు.

ఒకే మార్పు ఇరవై సర్వర్లలో చేయాలంటే యాన్సిబుల్ నేర్చుకోండి. లినక్స్ సర్వర్ల వైపు ప్రత్యేకంగా ఏజెంట్ ఎక్కించక్కర్లేదు, ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. చెక్ మోడ్‌లో నడిపితే ఏం మారబోతోందో ముందే చూపిస్తుంది. మొదట ఒక్క సర్వర్ మీద, తర్వాత మిగతావాటి మీద నడపండి. ఇరవై సర్వర్లను ఒకేసారి బాగుచేయగల టూల్ ఒకేసారి ఇరవైనీ పాడుచేయగలదు.

పొరపాటున వేరే సర్వర్‌ను రీబూట్ చేశాను. మళ్ళీ జరగకుండా ఉండాలంటే?

డెబియన్, ఉబుంటులో మాలీ-గార్డ్ అనే ప్యాకేజీ పెట్టండి. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉండి రీబూట్ కొడితే ఆ సర్వర్ పేరు టైప్ చేయమంటుంది. పేరు తప్పితే రీబూట్ జరగదు. దానితో పాటు అసలు సర్వర్లకు ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే లైన్ మొదట కనిపించే పేరు) ఎరుపు రంగులో, పరీక్ష సర్వర్లకు ఆకుపచ్చలో కనిపించేలా పెట్టుకోండి. అర్ధరాత్రి కళ్ళు మూతపడుతున్నప్పుడు పేరు చదవకపోయినా రంగు తెలుస్తుంది.

కనెక్ట్ అవనప్పుడు ఎక్కడి నుంచి వెతకాలి?

ఎర్రర్ మాటల నుంచే. టైమ్‌డ్ అవుట్ అంటే మీ మాట అక్కడికి చేరడం లేదు, లేదా ఫైర్‌వాల్ మింగేస్తోంది. అడ్రస్, ఫైర్‌వాల్, క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్ (క్లౌడ్ వైపు ఉండే ఫైర్‌వాల్) చూడండి. రెఫ్యూజ్డ్ అంటే మామూలుగా మెషిన్ బతికే ఉంది, ఆ పోర్టులో సర్వీసు లేదు. పర్మిషన్ డినైడ్ అంటే నెట్‌వర్క్ అంతా బాగుంది, గొడవ యూజర్ పేరు, కీ, పర్మిషన్ల దగ్గర. ఈ మూడో రకానికి ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ వీతో నడిపి ఏ కీ ఇస్తోందో చూడండి. మీరు అనుకుంటున్న కీ అసలు ఇవ్వడమే లేదని తరచుగా తేలుతుంది.

ఈ టూల్స్‌కూ అప్‌డేట్లు పెట్టాలా?

మిగతా అన్నిటికంటే ముందు వీటికే పెట్టాలి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలనే దాచిన దొంగదారి బయటపడింది. ఆ లైబ్రరీని కలుపుకుని నడిచే కొన్ని లినక్స్‌లలో అది ఎస్‌ఎస్‌హెచ్‌లోకి దూరే దారి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని పట్టుబట్టి వెతకబట్టి అది దొరికింది. ఆ ఓపికకు మనమంతా రుణపడి ఉన్నాం. అదే ఏడాది జులైలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లోనే 8.5 నుంచి 9.7 వరకు వెర్షన్లలో లాగిన్ అవకుండానే దాడికి వీలిచ్చే లోపం బయటపడింది, 9.8లో సరిచేశారు. అయితే ఉబుంటు, డెబియన్ లాంటివి పాత వెర్షన్ నంబరు ఉంచి దానికే ప్యాచ్ వేస్తాయి. కాబట్టి నంబరు చూసి కంగారుపడకుండా, మీ డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిన భద్రతా ప్రకటన చూసి తేల్చుకోండి.

అందరం రూట్‌గానే లాగిన్ అవుతాం. తప్పేమిటి?

ఎవరు ఏం చేశారో తెలియదు. ఒక్కొక్కరికీ సొంత అకౌంట్, సొంత కీ ఇచ్చి, అడ్మిన్ పనులకు సుడో వాడించండి. రూట్‌తో నేరుగా లాగిన్ అవడాన్ని పర్మిట్‌రూట్‌లాగిన్ నోతో ఆపండి. అప్పుడు లాగ్‌లో మనుషుల పేర్లు కనిపిస్తాయి. తప్పు ఎవరిదో పట్టుకోవడానికి కాదు, ఏం జరిగిందో వాళ్ళనే అడిగి త్వరగా సరిచేయడానికి.

ఒకరు ఉద్యోగం మానేసి వెళ్ళిపోతే ఏమేం తీసేయాలి?

అకౌంట్ పాస్‌వర్డ్ లాక్ చేస్తే సరిపోదు, కీతో లాగిన్ ఇంకా పనిచేయవచ్చు. వాళ్ళ సొంత అకౌంట్‌తో పాటు రూట్, డిప్లాయ్ లాంటి ఉమ్మడి అకౌంట్ల ఆథరైజ్డ్_కీస్ ఫైళ్ళు కూడా తెరిచి చూడాలి. ప్రతి కీ లైన్ చివర ఎవరిదో తెలిసేలా పేరు రాసి ఉంటే ఈ పని పది నిమిషాలు. లేకపోతే ఏ కీ ఎవరిదో తెలియక, తీస్తే ఏం ఆగిపోతుందోనని భయపడి అలాగే వదిలేస్తారు. వీపీఎన్ ప్రొఫైల్, క్లౌడ్ కన్సోల్ లాగిన్, ఐడ్రాక్ లాంటి వాటి పాస్‌వర్డ్, నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్‌లో వాళ్ళ పేరుతో ఉన్నవి కూడా చూడండి. తీసేశాక అప్పటికే తెరిచి ఉన్న సెషన్లు ఏవైనా మిగిలాయేమో హూ కమాండ్‌తో ఒకసారి చూసుకోండి. టీమక్స్‌లో వదిలేసినవి అక్కడ కనిపించకపోవచ్చు కాబట్టి, ఆ యూజర్ పేరుతో నడుస్తున్న ప్రాసెస్‌లను పీఎస్ కమాండ్‌తో చూసి వాటినీ ఆపండి.